స్లోలో నిలబడే బండి

అనుదిన ధ్యానం
చదవవలసిన భాగాలు: 1 రాజులు 19:1–18, మార్కు 6:30–34

"బండి పరుగులో బాగానే ఉందన్నా, స్లోలోనే నిలబడట్లేదు."

అల్లూరు బజారులో ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. అది ఇస్కపల్లి నుంచి తెల్లారగట్ల చేపల గంప కట్టుకొచ్చిన టీవీఎస్ ఎక్సెల్ కావచ్చు, రొయ్యల గుంట గట్టు మీదికి మేత మూటలు మోసే పాత స్ప్లెండర్ కావచ్చు. రోడ్డెక్కితే ఏ లోటూ కనిపించదు. సందు మొగలో ఎదురుగా ఆటో వచ్చి యాక్సిలరేటర్ వదిలామా, రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోతుంది. 2020 తర్వాత వచ్చిన బండ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగై, ఆ సర్దుబాటంతా కంప్యూటరే చూసుకుంటోంది. మన ఊళ్లలో పాత బండ్లకేం కొదవ లేదు గనక ఈ మాట ఇంకా చానా ఏళ్లు వినిపిస్తుంది.

ఇలాంటి బండి ఉన్న మనిషి కనిపెట్టుకున్న ఉపాయం ఒకటే: పిడి వదలడు. స్నేహితుడు కనిపిస్తే నిలబడి మాట్లాడతాడు, కుడి మణికట్టు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. బండి ఎక్కడికీ పోవడం లేదు, అరుపు ఆగడం లేదు. పెట్రోలు కాలిపోతుంది, ఇంజను వేడెక్కుతుంది, పక్కవాడికి చెప్పేది వినపడదు. వదిలితే ఆగిపోతుందన్న భయం కొద్దీ తిప్పుతూనే ఉంటాడు.

మనలో చాలామందిమి ప్రాణాన్ని అలాగే నడుపుకొస్తున్నాం. ఆదివారం ఆరాధన, వారం మధ్యలో గృహ కూడిక, స్త్రీల సమాజం, ఉపవాస ప్రార్థన, డిసెంబరు వస్తే ఇంటింటికీ పాటలు. పరుగు మీద ఉన్నంతకాలం భక్తి బాగానే ఉన్నట్టుంటుంది. అందరూ వెళ్లిపోయాక గదిలో ఒక్కరమే, పాటా మాటా లేకుండా, దేవుని ముందు పది నిమిషాలు కూర్చోమంటే ఆగిపోతాం. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతుంది. ఈ రోజు నేను రాయాలనుకున్నది ఆ పది నిమిషాల గురించే.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు కార్బురేటర్ లోపల స్లైడు కిందికి దిగి గాలి దారిని దాదాపు మూసేస్తుంది. పెద్ద జెట్ నుంచి పెట్రోలు రావడం ఆగిపోతుంది. అప్పుడు ఇంజను పీల్చే బలమంతా ఒక చిన్న ఇత్తడి ముక్క మీద పడుతుంది. దాన్ని పైలట్ జెట్ అంటారు, స్లో జెట్ అని కూడా అంటారు. దాని నడిమి బెజ్జం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో నుంచి వచ్చే పెట్రోలుతోనే నూరు సీసీల బండి నిమిషానికి సుమారు 1400 చుట్లు తిరుగుతూ నిలబడాలి. అంటే సెకనుకు పదకొండు, పన్నెండుసార్లు లోపల నిప్పు అంటుకోవాలి. బండి కదలదు, దూరం తరగదు, మీటరులో కిలోమీటరు పెరగదు. అయినా ఆ పని తప్పకుండా జరుగుతుండాలి.

ఇందులో ఒక సంగతి నన్ను చాలాకాలంగా వదలడం లేదు. కార్బురేటరుకూ ఇంజనుకూ నడుమ ఉండే రబ్బరులో వెంట్రుకంత పగులు ఉందనుకోండి. బండి వేగంగా పోతున్నప్పుడు ఆ పగులు ఉన్నట్టే తెలియదు. లోపలికి పోయే గాలి అంత ఎక్కువగా ఉంటుంది గనక, పగులులో నుంచి దూరే దొంగగాలి లెక్కకు రాదు. స్లోలో ఇంజను పీల్చేదే కొంచెం. ఆ కొంచెంలో దొంగగాలి పెద్ద వాటా అయి కూర్చుంటుంది, మిశ్రమం పలచబడుతుంది, ఇంజను తడబడుతుంది. పగులు పెరగలేదు. ఇంతసేపూ వేగం దాన్ని కప్పి ఉంచింది, అంతే.

మౌనానికి మనం ఎందుకు జంకుతామో ఇక్కడ నాకు అర్థమవుతుంది. గట్టు తగాదాలో అన్నతో మాటలు మానేసి ఏళ్లయింది. గుంట దెబ్బతిన్న ఏడు చేసిన అప్పు సంగతి భార్యకు ఇంకా చెప్పలేదు. పోయిన బిడ్డ కోసం ఏడవాల్సిన ఏడుపు గొంతులోనే ఉండిపోయింది. పనిలో ఉన్నంతసేపు ఇవేవీ తెలియవు. కళ్లు మూసుకుని ఊరకే కూర్చున్న మూడో నిమిషంలో వరసగా వచ్చేస్తాయి. "నాకు ధ్యానం కుదరదండీ, మనసు నిలవదు, ఏవేవో ఆలోచనలు వస్తాయి" అని లేచిపోతాం. ఆ వచ్చినవి ప్రార్థనకు అడ్డం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. దేవుడు చూడమంటున్నది వాటినే. స్లోలో బండి తడబడినప్పుడు తెలిసిన మెకానిక్ యాక్సిలరేటర్ పెంచి పంపించేయడు. ఇంజను తిరుగుతుండగానే ఆ రబ్బరు చుట్టూ కార్బ్ క్లీనరు కొట్టి చెవి పెడతాడు. చప్పుడు ఎక్కడ మారిందో లీకు అక్కడే. తడబాటే అతనికి జాడ చూపిస్తుంది.

ఇప్పుడు ఏలీయా దగ్గరికి పోదాం. కర్మెలు కొండ మీద ఆయన ఒక్కడే నిలబడి బయలు ప్రవక్తలందరినీ ఎదిరించాడు. ఆకాశం నుంచి అగ్ని దిగింది, కరువు తీరి వాన పడింది, ఆయన రాజైన అహాబు రథానికి ముందు యెజ్రెయేలు దాకా పరుగెత్తాడు. ప్రవక్తల చరిత్రలో ఇంతకు మించిన వేగం ఎక్కడుంది? తర్వాత రాణి యెజెబెలు పంపిన ఒక్క కబురుతో అంతా ఆగిపోయింది. సేవకుణ్ణి బెయేర్షెబాలో వదిలి, ఎడారిలోకి ఒక దినం దారి నడిచి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నన్ను చంపెయ్యమని దేవుణ్ణి అడిగాడు. వేగంలో ఉన్నప్పుడు ఆయనలో ఈ అలసట లేదని మనం అనుకోకూడదు. ఉంది, కనిపించలేదు.

దేవుడు అప్పుడు చేసిన పనుల వరస చూడండి. ముందు నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఒక్క ప్రశ్న వేయలేదు, ఒక్క గద్దింపు లేదు. నలభై పగళ్లు, నలభై రాత్రుల నడక అయ్యాక, హోరేబు గుహలో గానీ ఇక్కడేం చేస్తున్నావని అడగలేదు.

మంచి మెకానిక్ కూడా ఇదే క్రమం పాటిస్తాడు. బండి స్లోలో ఆగుతోందనగానే స్క్రూడ్రైవరు తీసి స్క్రూ మీద పెట్టేవాడి చేతికి బండి ఇవ్వకూడదు. ముందు ఎయిర్ ఫిల్టరు దులపాలి, ట్యాపెట్ సందు సరిచూడాలి, ప్లగ్గు విప్పి దాని రంగు చూడాలి. కాఫీ పొడి రంగులో ఉంటే కాలడం బాగుంది, మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా ఉంటే చాలడం లేదు. స్లో జెట్‌లో చెత్త ఉంటే క్లీనరుతో, గాలితో ఊదాలి. ఇనప తీగ పెట్టి పొడిస్తే ఆ సన్నని బెజ్జం పెద్దదైపోయి ఆ జెట్ ఇక పనికిరాదు. ఇవన్నీ అయ్యాక బండిని నాలుగు కిలోమీటర్లు తిప్పి వేడి చేసి, అప్పుడు స్క్రూ ముట్టుకోవాలి. "చల్ల బండిని ట్యూన్ చేస్తే అది చెప్పేదంతా అబద్ధమే సార్" అని మా బజారులో ఒక పెద్దాయన అంటుంటాడు.

సంఘంలో బోధించే మనం ఈ క్రమాన్ని తరచూ తలకిందులు చేస్తాం. ఇస్కపల్లి ఒడ్డున తెల్లవారుజామున మూడింటికి లేచి వలల దగ్గరికి పోయి, చేపలు కొని, ఊరూరా తిరిగి అమ్మి, సాయంత్రం పొయ్యి ముందు కూలబడే అక్కకు "ప్రార్థన పెంచమ్మా" అని చెప్తాం. ఆమెకు ముందు కావలసింది రొట్టె, నిద్ర. దూత తెచ్చినవి అవే. అలసిన మనిషికి అన్నం పెట్టి పడుకోనివ్వడం కూడా దేవుని పరిచర్యేనని ఈ అధ్యాయం ఇంత స్పష్టంగా చెప్తుంటే, మనం దాన్ని దాటేసి హోరేబులోని మెల్లని స్వరం దగ్గరికి పరుగెత్తడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక కార్బురేటర్ మీద స్క్రూలు రెండు ఉంటాయి. ఒకటి స్లైడు ఎంత కిందికి దిగాలో ఆపేది; దాన్ని తిప్పితే చుట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. రెండోది గాలీ పెట్రోలూ పాళ్లు సర్దేది. మొదటిదాన్ని బిగించి చప్పుడు పెంచేస్తే బండి ఆగదు, నిజమే. కానీ రోగం లోపలే ఉంటుంది. ఓపిక ఉన్నవాడు రెండోదాన్ని మెల్లగా లోపలికి తిప్పి, తగిలీ తగలగానే ఆపుతాడు. అక్కడ బలం చూపిస్తే దాని సూది మొన నలిగిపోతుంది. తర్వాత ఒకటిన్నర, రెండు చుట్లు వెనక్కి తెచ్చి, అక్కడి నుంచి పావు చుట్టు పావు చుట్టుగా జరుపుతూ వింటాడు. ఇంజను ఎక్కడ చక్కగా, ఎత్తుగా తిరుగుతుందో అక్కడ ఆపి, మొదటి స్క్రూతో వేగం దించుతాడు. మళ్లీ రెండోది, మళ్లీ మొదటిది. ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని కార్బురేటర్లలో ఆ స్క్రూ గాలి దారిలో ఉంటుంది, లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కనవుతుంది. కొన్నింటిలో పెట్రోలు దారిలో ఉంటుంది, అదే తిప్పుడుకు పలచనవుతుంది. ఏ రకమో తెలుసుకోకుండా తిప్పినవాడు మేలు చేస్తున్నాననుకుని చెరుపు చేస్తాడు. ఒక విశ్వాసికి ఏకాంతం కావాలి, ఇంకొకరికి నలుగురి తోడు కావాలి. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చే ముందు కొంచెంసేపు వాళ్లను విందాం.

హోరేబు గుహ ముందు బలమైన గాలి వీచింది, భూమి కంపించింది, అగ్ని రగిలింది. ప్రభువు వాటిలో లేడని గ్రంథం చెప్తుంది. ఆ తర్వాత వచ్చిన మెల్లని స్వరం విని ఏలీయా దుప్పటితో ముఖం కప్పుకుని బయటికి వచ్చాడు. ఈ భాగం మీద ప్రసంగాలు విన్నప్పుడల్లా ఒక మాట నాకు కొరతగా అనిపిస్తుంది. అగ్నిలో ప్రభువు లేడంటే అగ్ని ఆయనది కాదని కాదు. కొన్ని వారాల కిందట కర్మెలు మీద అగ్ని పంపింది ఆయనే కదా. కొందరు హోరేబును పట్టుకుని, చప్పుడు చేసే ఆరాధన తక్కువదని తీర్పు తీరుస్తారు. ఇంకొందరు కర్మెలును పట్టుకుని, మౌనంగా కూర్చునేవారికి ఆత్మ లేదంటారు.

ఈ ఇద్దరికీ జవాబు బండిలోనే ఉంది. కార్బురేటర్ అడుగున ఒక కప్పు ఉంటుంది, ఫ్లోట్ బౌల్ అంటారు. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో తెచ్చిన కార్బురేటర్ నుంచి మన స్ప్లెండర్ దాకా దాని తీరు ఒకటే. పెట్రోలు మట్టం తగ్గితే అందులో తేలే ఫ్లోటు దిగి, సూది వదులై, ట్యాంకు నుంచి పెట్రోలు వస్తుంది. మట్టం నిండితే సూది మూసుకుంటుంది. వేగంలో పని చేసే పెద్ద జెట్ ఆ కప్పులోనే మునిగి ఉంటుంది. స్లో జెట్ కూడా ఆ కప్పులోనే. బండి ఎత్తు ఎక్కినప్పుడు తాగేదీ, సందు మొగలో నిలబడి తాగేదీ ఒకే కప్పులోని పెట్రోలు. కర్మెలు మీద ఏలీయాను మండించినవాడే హోరేబులో ఆయనతో గుసగుసగా మాట్లాడాడు. బహిరంగ సభలో నా గొంతు వణికించిన ఆత్మకూ, రాత్రి పూట నేను మాటలు దొరక్క కూర్చున్నప్పుడు దగ్గరున్న ఆత్మకూ తేడా లేదు. అది గ్రహించాక పది నిమిషాల మౌనం నాకు భయంగా లేదు. పెద్ద దారి మూసుకుంది గానీ కప్పు ఖాళీ కాలేదు.

ఇంకొక సంగతి కూడా మనం దాటేస్తాం. మెల్లని స్వరం వినకముందు ఏలీయా తన గోడు చెప్పుకున్నాడు: నేనొక్కణ్ణే మిగిలాను, నా ప్రాణం కూడా తీయజూస్తున్నారు. స్వరం విన్నాక దేవుడు అదే ప్రశ్న మళ్లీ అడిగితే, ఏలీయా అదే జవాబు పొల్లు పోకుండా మళ్లీ చెప్పాడు. అంత గొప్ప దర్శనం తర్వాత కూడా ఆ మనిషి మారలేదు. దేవుడు విసుక్కోలేదు. హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించే పని చేతిలో పెట్టి, బయలుకు మోకరించనివారు ఏడువేలమంది ఉన్నారని చెప్పి పంపాడు. నీ ధ్యానంలో నిన్నటి గోడే ఈ రోజూ వస్తే సిగ్గుపడకు. పావు చుట్టు జరిగి ఉంటుంది.

మన నెల్లూరు సంఘాల చరిత్ర కూడా ఇలాంటిదే. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘం చాలా చిన్నదిగానే ఉండిపోయింది. 1853లో అమెరికాలోని బాప్టిస్టు పెద్దలు ఈ మిషనును మూసేద్దామా అని సభలో చర్చించారు. మూయలేదు. 1854 జనవరి 1న మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. కొండెక్కింది ఐదుగురే. ఆ రోజు ఏమీ జరగలేదు, ఆ ఏడూ ఏమీ జరగలేదు. నెల్లూరు నుంచి అల్లూరులో మిషను స్టేషను పెట్టింది 1873లో.

అంతకంటే నన్ను కదిలించేది 1876–78 కరువు నాటి సంగతి. మన తూర్పున సముద్రం వెంట పోయే బకింగ్‌హాం కాలువ తవ్వకంలో, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ మూడు మైళ్లకు పైగా పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. అన్నం కోసం అడుగుతున్నారేమో, తర్వాత వాళ్లకే అది మచ్చ అవుతుందేమో అని, కరువు సాయం నడిచినంతకాలం, పదిహేను నెలల పాటు ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. లెక్కలు అడిగే పెద్దలు అమెరికాలో ఉన్నారు, జనం గుమ్మంలో ఉన్నారు, ఆయన గేరు వేయలేదు. సాయం ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనకందరికీ తెలుసు, వార్షికోత్సవాల్లో చెప్పుకుంటాం. ముందున్న పదిహేను నెలల గురించి కూడా మన పిల్లలకు చెప్పాలి.

ట్యూనింగ్ అయ్యాక మెకానిక్ ఒక పరీక్ష చేస్తాడు. యాక్సిలరేటర్ ఒక్కసారి ఎత్తి వదులుతాడు. ఎత్తగానే ఇంజను ముక్కకుండా అందుకోవాలి, వదలగానే ఎక్కువసేపు వేలాడకుండా తన స్లోకు దిగి నిలబడాలి. మార్కు ఆరో అధ్యాయంలో ఇలాంటి పరీక్షే కనిపిస్తుంది. శిష్యులు పరిచర్య నుంచి తిరిగి వచ్చారు. వచ్చేపోయేవారితో అన్నం తినే తీరిక కూడా లేదు. ప్రభువు వాళ్లను దోనె ఎక్కించి ఏకాంతానికి తీసుకుపోయాడు. జనం నడిచి వాళ్లకంటే ముందే ఒడ్డు చేరారు. వాళ్లకు దక్కిన విశ్రాంతి దోనెలో ఉన్నంతసేపే. దిగగానే ప్రభువు ఆ జనాన్ని చూసి కనికరపడి బోధించడం మొదలుపెట్టాడు. విసుగు లేదు, తడబాటు లేదు. మనకు దొరికే ఏకాంతం కూడా చాలాసార్లు అంతే ఉంటుంది: అల్లూరు నుంచి నెల్లూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు, బడి గంట కొట్టే ముందు గేటు దగ్గర నిమిషాలు, గుంట గట్టు మీద ఏరేటర్లు ఆగిన వేళ.

సముద్రపు ఊళ్లలో ఒకసారి ట్యూన్ చేసిన బండి అలాగే ఉండిపోదు. ఉప్పుగాలికి కార్బురేటర్ మీద తెల్లని పొడి లేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను లాక్కుంటుంది. బండి చాలాకాలం కదలకుండా ఉంటే కప్పు అడుగున నీరు చేరుతుంది. అందుకే కప్పు కింద ఒక డ్రెయిన్ స్క్రూ పెట్టారు. విప్పి ఆ అడుగు నీరు వదిలితే చాలా బండ్లు మళ్లీ నిలబడతాయి. ఈ రోజు నీ పది నిమిషాల్లో మొదటి రెండూ దానికి ఇవ్వు: అడుగున చేరింది ఏదైనా ఉంటే, పేరు పెట్టి, ప్రభువు ముందు వదిలెయ్యి. మిగతా ఎనిమిది నిమిషాలు ఏమీ అడగకు.

ప్రార్థన: తండ్రీ, ఏలీయాకు రొట్టె పంపినట్టు ఈ రోజు మా వీధిలో అలసిన వాళ్లకు తిండీ నిద్రా పంపు. మా చేతుల మీదుగా పంపాలని నీకు ఉంటే మమ్మల్ని లేపు. మా బజారులో పొద్దస్తమానం పెట్రోలు వాసనలో వంగి పని చేసే మెకానిక్ బిడ్డల కళ్లనూ వేళ్లనూ కాపాడు. ఇస్కపల్లి నుంచి వేటకు పోయిన పడవల వాళ్లను ఇంటికి చేర్చు. మా పాస్టర్లకు కూడికల నడుమ ఊపిరి తీసుకునే వేళ ఇవ్వు. మాటలు దొరక్క నీ ముందు కూర్చున్నవారి దగ్గర నువ్వూ కూర్చో. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.